కదిలే గోడల మధ్య ఆకుపచ్చ డ్రాగన్: నింటెండో ‘డెవిల్ వరల్డ్’ సమీక్ష

చిక్కుదారుల్లో చుక్కలు ఏరుకుంటూ తిరిగే ఆట ఏది కనిపించినా దానిని ‘ప్యాక్‌మ్యాన్’కు నకలుగా లెక్కగట్టి పక్కన పెట్టడం వీడియో గేములు ఆడేవారికి ఎప్పటినుంచో ఉన్న అలవాటు. నింటెండో సంస్థ 1984 అక్టోబరులో జపాన్‌లో టీవీకి తగిలించి ఆడుకునే తన ఫ్యామికామ్ యంత్రం కోసం విడుదల చేసిన ‘డెవిల్ వరల్డ్’ ఈ అలవాటు వల్ల నష్టపోయినంతగా మరో ఆట నష్టపోలేదని నా అభిప్రాయం. ఇందులోనూ చుక్కలున్నాయి, వెంటాడే జీవులున్నాయి, నాలుగు దిక్కులా మలుపులు తిరిగే దారులున్నాయి. కాబట్టి పోలిక రావడం సహజమే. అయితే ప్యాక్‌మ్యాన్ ఆడేవాడికి ఒక భరోసా ఉంటుంది. దారులు ఉన్నచోటే ఉంటాయి, గోడలు కదలవు, ఒకసారి కంఠస్థం చేసిన మలుపు మరునాడు కూడా అక్కడే ఉంటుంది. డెవిల్ వరల్డ్ ఆ భరోసాను మొదటి నిమిషంలోనే తీసివేసి, దాని స్థానంలో ఒక దయ్యాన్ని తెర పైభాగాన నిలబెడుతుంది.

ఆ దయ్యం ఆటగాడిని తరమదు, ముట్టుకోదు. నీలి రంగు ఒంటితో, రెక్కలతో, గంతులు వేస్తూ ఒక దిక్కుకు చేయి చాపుతుంది. ఆ సైగను అందుకుని దాని అనుచరులు చట్రం లోపలి దారులన్నిటినీ ఆ వైపుకు జరుపుతారు. ఎడమకు, కుడికి, పైకి, కిందికి, దయ్యం మనసు మారినప్పుడల్లా దారులన్నీ జరుగుతూనే ఉంటాయి. ఇందాక కనిపించిన సందు తెర బయటికి జారిపోతుంది, అంతవరకు కనిపించని మలుపు లోపలికి వస్తుంది. చట్రం అంచులు మాత్రం కదలవు. మన ఆకుపచ్చ డ్రాగన్ పిల్ల తమగాన్ ఆ అంచుకు ఆనుకుని ఉన్నప్పుడు వెనుక నుంచి ఒక గోడ జరిగి వస్తే, రెంటి మధ్య నలిగి ఒక ప్రాణం పోతుంది. శత్రువు ఎవరూ దగ్గర లేకుండానే చావు వచ్చే ఈ ఏర్పాటే ఆటకు ప్రాణమని చెప్పాలి. ఎదురుగా వస్తున్న జీవిని చూసుకోవడం ఎవరికైనా వస్తుంది. దానితోపాటు నేల ఏ దిక్కుకు జరుగుతున్నది, నేను నడుస్తున్న దిక్కు దానికి అనుకూలమా ప్రతికూలమా, ఈ సందులోకి దూరితే అంచుకు చేరేలోపు బయటపడే మార్గం ఉంటుందా అని ప్రతి క్షణం లెక్క వేసుకోవలసి రావడం మాత్రం ఆ కాలపు చిక్కుదారుల ఆటల్లో చాలా అరుదు.

రెండవ ఆలోచన ఇంకా సూక్ష్మమైనది, నా దృష్టిలో ఇంకా తెలివైనది. ప్యాక్‌మ్యాన్‌లో చుక్కలు తినడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. మూలల్లో ఉండే పెద్ద బిళ్ళలు మాత్రం కొద్దిసేపు వేటాడే శక్తిని ఇస్తాయి. డెవిల్ వరల్డ్ ఈ రెండు పనులనూ ఒకే వస్తువుకు ముడివేసింది. దారుల్లో అక్కడక్కడ శిలువలు ఉంటాయి. శిలువ చేతిలో ఉన్నంతసేపే తమగాన్ చుక్కలు తినగలడు, ఆ సమయంలోనే నోటి నుంచి నిప్పు ఊది వెంటపడే ఒంటికన్ను జీవులను కాల్చగలడు. ఆ గడువు తీరితే చుక్కల మీదుగా ఎంత నడిచినా ఒక్కటీ నోటికి అందదు. విస్తరి ముందు కూర్చోబెట్టి చేతులు కట్టేసినట్టే ఉంటుంది. దీనివల్ల ఆట లయ పూర్తిగా మారిపోతుంది. శిలువ దొరికిన కొద్దిసేపట్లో తినాలా, కాల్చాలా, లేక దూరంగా మిగిలిపోయిన చుక్కల వైపు పరుగెత్తాలా అన్నది ప్రతిసారీ కొత్తగా తేల్చుకోవలసిన ప్రశ్న. పైగా ఆ పరుగుకు దారి చూసుకున్నంతలోనే పైనున్న దయ్యం చేయి ఎటు చాపుతుందో ఎవరికీ తెలియదు. కాల్చిన జీవి వేపిన గుడ్డుగా మారిపోవడం, దానిని తింటే అదనపు అంకెలు రావడం వంటి చిన్న చమత్కారాలు ఈ ఒత్తిడి మధ్య నవ్వు తెప్పిస్తాయి.

దశల అమరిక గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. మొదటి దశలో చుక్కలన్నీ తినాలి. రెండవ దశలో నాలుగు బైబిళ్ళను ఒక్కొక్కటిగా తెచ్చి మధ్యనున్న ముద్రలో అమర్చాలి. మూడవది శత్రువులు లేని బోనస్ దశ. ఇక్కడ దయ్యం స్థానంలో నేలమీది బాణం గుర్తులు ఉంటాయి, ఏ బాణాన్ని తొక్కితే దారులు ఆ దిక్కుకు జరుగుతాయి, గడువులోగా ఆరు పెట్టెలు చేజిక్కించుకోవాలి, వాటిలో ఒకదానిలో అదనపు ప్రాణం ఉంటుంది. అంతవరకు మనలను అల్లరి పెట్టిన కదలికను ఈ దశలో మన కాలికిందనే పెట్టడం మంచి ఊహ. నాకు అన్నిటికంటే రెండవ దశ ఇష్టం. చుక్కలు తెర నిండా పరచుకుని ఉంటాయి కాబట్టి మొదటి దశలో ఏ వైపుకు వెళ్ళినా కొంత పని జరుగుతుంది. బైబిలు పట్టుకుని మధ్యకు చేరవలసిన రెండవ దశలో గమ్యం ఒక్కటే, ఆ గమ్యం కూడా దారులతోపాటు జరుగుతూ ఉంటుంది. గోడ వెనుకనే కనిపిస్తున్న చోటికి చుట్టూ తిరిగి వెళ్ళేసరికి అది మరోవైపుకు జరిగిపోవడం, దాని వెంటపడి అంచుకు దగ్గర కావడం, అక్కడ గోడ తరుముకు రావడం అనే వరుస ఎంత ఆడినా పాతబడదు.

ఈ ఆటను రూపొందించినవారు శిగెరు మియమోతో, తకాషి తెజుకా. ఆ తరువాత రెండేళ్ళలోపే ‘సూపర్ మారియో బ్రదర్స్’, ‘లెజెండ్ ఆఫ్ జెల్డా’ ఆటలతో లోకాన్ని ఆకట్టుకున్న జంట ఇదే. ఒసాకాలో కళల విద్య చదువుకుని 1984లో నింటెండోలో చేరిన తెజుకా తొలి పనుల్లో ఇది ఒకటి. సంస్థలో చేరేనాటికి తనకు ప్యాక్‌మ్యాన్ అంటే ఏమిటో కూడా తెలియదని ఆయన తరువాతి కాలంలో చెప్పుకున్నారు. నకలు అన్న మాట వాడేవారు ఈ సంగతిని కొంచెం తలచుకోవాలి. పోలిక మియమోతో వైపు నుంచి వచ్చి ఉండవచ్చు. ఎందుకంటే 1980 నాటి ప్యాక్‌మ్యాన్ జపాన్‌లో నాణెం వేసి ఆడే ఆర్కేడ్లన్నిటిలో మోగిపోయింది. అయినా ఫ్యామికామ్‌కు నామ్‌కో సంస్థ అసలు ప్యాక్‌మ్యాన్‌ను తెచ్చింది 1984 నవంబరులో, అంటే డెవిల్ వరల్డ్ వచ్చిన తరువాతనే. ఇంట్లో ఫ్యామికామ్ మీద ఆడుకునే జపాన్ పిల్లవాడి చేతికి ముందుగా అందినది ఈ డ్రాగనే.

యంత్రం స్వభావాన్ని ఎరిగినవారు చేసిన ఆట అని కూడా చెప్పాలి. ఫ్యామికామ్‌లో నేపథ్య చిత్రం ఒక పొర, కదిలే బొమ్మలు మరొక పొర. నేపథ్యాన్నంతటినీ ఒక్కొక్క బిందువు చొప్పున నాలుగు దిక్కులా జరపడం ఆ యంత్రంలో హార్డ్‌వేరే చేసిపెట్టే పని. అప్పటి ఇతర గృహ యంత్రాలలో చాలావాటికి అది తలకు మించిన భారం. సాధారణంగా ఈ సదుపాయాన్ని పొడవైన లోకాన్ని పరుగెత్తించడానికి వాడుతారు. దానిని ఒక చిన్న గదిని కుదిపి ఆటగాడిని ఇరుకున పెట్టడానికి వాడవచ్చునన్నది మెచ్చుకోదగిన ఆలోచన. 40 కిలోబైట్లకు మించని క్యాసెట్‌లో ఇంత ఆడించగలగడం ఈనాటి గిగాబైట్ల ఆటలను చూసినవారికి వింతగానే తోస్తుంది.

ఇంతటి ఆట మరుగున పడటానికి కారణం దాని అలంకారమే. శిలువలు, బైబిళ్ళు, కొమ్ముల దయ్యం ఉన్న ఆటను నింటెండో అమెరికా విభాగం తమ దేశంలో విడుదల చేయలేదు. మత చిహ్నాలను ఆటల్లో చూపరాదన్న నియమం వారికి ఉండేది. యూరప్‌లో మాత్రం 1987లో వచ్చింది. వీడియో గేముల చరిత్రను ఎక్కువగా రాసినవారు అమెరికాలో పెరిగినవారు కావడంతో, వారి బాల్యంలో లేని ఆట వారి పుస్తకాల్లోనూ ఒక అడుగు వెనుకనే నిలిచిపోయింది. నింటెండో పాత్రలు ఒకరితో ఒకరు తలపడే ఆటగా 2008లో వచ్చిన ‘సూపర్ స్మాష్ బ్రదర్స్ బ్రాల్’లో ఈ దయ్యం సహాయపాత్రగా వచ్చి తెరనే పక్కకు నెట్టివేసినప్పుడు, అది ఎవరో తెలియక తికమకపడిన ఆటగాళ్ళు చాలామంది ఉండి ఉంటారు. అమెరికాలో ఈ ఆట మొదటిసారి అధికారికంగా అందినది 2023 అక్టోబరు 31న, నింటెండో స్విచ్ ఆన్‌లైన్ సేవలో. దయ్యాల వేషాలు వేసే హాలోవీన్ పండుగ రోజునే విడుదల చేయడంలో ఉన్న కొంటెతనం గమనించదగినది.

మన వైపు పరిస్థితి వేరు. ఫ్యామికామ్ యంత్రపు నకళ్ళు 1990లలో రకరకాల పేర్లతో చెన్నై అంతటా దొరికేవి. బీచ్ స్టేషన్ ఎదుట బర్మా బజార్‌లోను, మౌంట్ రోడ్ పక్కనున్న రిచీ స్ట్రీట్‌లోను అమ్మిన ఆ యంత్రాలను టి.నగర్, పెరంబూరు, విల్లివాక్కంలోని తెలుగు ఇళ్ళలో ‘వీడియో గేమ్’ అనే పిలిచేవారు, కార్ట్రిడ్జ్‌ను ‘క్యాసెట్’ అనేవారు. ఒక్క క్యాసెట్‌లో డజన్ల కొద్దీ ఆటలు ఉన్నాయని పైన అచ్చువేసి ఉండేది. ఆ జాబితాల్లో డెవిల్ వరల్డ్ తరచుగా కనిపించేది. కాని మారియో, కాంట్రా, బాంబర్ మ్యాన్, బ్యాటిల్ సిటీ ఉన్న జాబితాలో దీనిని ఎంచుకునేవారు తక్కువ. పెద్దలు నేర్పేవారు కారు, క్యాసెట్‌తో పుస్తకం వచ్చేది కాదు, శిలువ లేనిదే చుక్క తినలేమన్న మొదటి సూత్రం ఎవరూ చెప్పకపోతే పిల్లవాడు కొంతసేపు తిరిగి, ఆట పాడైందనుకుని రీసెట్ నొక్కేవాడు. అమెరికా అభ్యంతరపెట్టిన చిహ్నాల గురించి మాత్రం ఇక్కడ ఎవరికీ పట్టింపు ఉన్నట్టు గుర్తులేదు. బెసెంట్ నగర్ వేలాంకన్ని మాత గుడికి అన్ని మతాలవారూ మొక్కులు తీర్చుకోవడానికి వెళ్ళే ఊరిలో, డ్రాగన్ చేతిలో శిలువ ఉండటం పిల్లలకు ప్రశ్నగా తోచలేదు.

ఆ నకలు యంత్రాల విషయంలో మరొక తేడా ఉంది. జపాన్ టీవీలు సెకనుకు 60 చిత్రాల లెక్కన నడుస్తాయి, మన టీవీలు 50 లెక్కన నడిచేవి. మన టీవీలకు తగినట్టు అమ్మిన యంత్రాల్లో ఆట ఇంచుమించు ఆరో వంతు నెమ్మదించేది, పాటా అంతే. అకితో నకత్సుకా కూర్చిన ఆ హుషారైన కవాతు బాణీని చెన్నైలో పెరిగినవారు కాస్త బద్ధకంగా విని ఉంటారు. అసలు వేగంలో విన్నప్పుడు దానిలోని వెటకారం తెలుస్తుంది. చట్రం పైన దయ్యం వేసే గంతులకు ఆ బాణీ సరిగ్గా సరిపోతుంది. నెమ్మదించిన ఆటలో గోడల నుంచి తప్పించుకోవడం కొంచెం సులువు అన్నది మాత్రం ఒప్పుకోవాలి.

లోపాలు లేని ఆట కాదు. మలుపు తిరిగేటప్పుడు తమగాన్ సందుకు సరిగ్గా ఎదురుగా ఉంటేనే తిరుగుతాడు. నేల తానే జరుగుతున్నప్పుడు ఆ క్షణాన్ని పట్టుకోవడం వేళ్ళకు ఇబ్బంది. ఈ కారణంగా పోయే ప్రాణాలు ఆటగాడి తెలివితక్కువతనం వల్ల పోయినవిగా అనిపించవు, అందుకే కోపం వస్తుంది. దయ్యం దిక్కు మార్చే తీరులో ఒక పద్ధతి ఉండి, దానిని కొంచెం ముందుగా పసిగట్టే వీలు ఇచ్చి ఉంటే ఆట ఇంకా లోతుగా ఉండేది. ఉన్నదానిలో అదృష్టం పాలు ఎక్కువే. మూడు రకాల దశలే మళ్ళీ మళ్ళీ వస్తాయి, ముగింపు అంటూ ఒకటి లేదు, రంగులు మారి వేడి పెరగడం తప్ప కొత్త పరికరం ఏదీ చేతికి రాదు. ఒంటరిగా ఎక్కువసేపు ఆడితే విసుగు వస్తుంది. కూర్చున్నప్పుడల్లా కొద్దిసేపు ఆడి వదిలేయడమే దీనికి తగిన పద్ధతి.

ఇద్దరు కలిసి ఆడితే ఈ విసుగు చాలావరకు పోతుంది. ఇద్దరు ఆటగాళ్ళు వంతులవారీగా కాకుండా ఒకేసారి తెరమీదకు వస్తారు, రెండవ డ్రాగన్ ఎర్రటిది. ఒకరు నిప్పుతో దారి చేస్తే మరొకరు బైబిలు మధ్యకు చేర్చవచ్చు, లేదా ఇద్దరూ ఒకే చుక్కల వరుస మీద పడి ఒకరి అంకెలు మరొకరు కొట్టేయవచ్చు. మా అక్క కొడుకుతో ఆడినప్పుడు ఆటకంటే వాడి అరుపులే ఎక్కువ రంజుగా ఉన్నాయి: “మావయ్యా, అటు పోవద్దు, గోడ వస్తా ఉంది!” అని వాడు హెచ్చరించేలోపు తానే అంచున నలిగిపోతాడు. కొత్త ఆటల్లో గంటల తరబడి మునిగే పన్నెండేళ్ళ పిల్లవాడికి ఈ ఆట సూత్రం ఒక్క వాక్యంలో అర్థమైంది, ఆ తరువాత వాడిని లేపడం కష్టమైంది.

ఈనాడు ఆడాలనుకునేవారికి మార్గాలు రెండు. స్విచ్ ఉన్నవారికి ఆన్‌లైన్ సేవ చాలు. మామూలు సభ్యత్వంలోనే పాత నింటెండో ఆటల జాబితా ఉంటుంది, అమెరికా ధర ప్రకారం ఏడాదికి 19.99 డాలర్లు. అక్కడ ఎక్కడైనా ఆపి దాచుకునే వీలు, వెనక్కు తిప్పుకునే వీలు, దూరంలో ఉన్న మిత్రునితో ఇద్దరాట ఆడే వీలు ఉన్నాయి. వెనక్కు తిప్పే సదుపాయాన్ని మొదట్లో, గోడ ఎలా నలిపిందో అర్థం చేసుకోవడానికి మాత్రం వాడుకుని, తరువాత దాని జోలికి పోకుండా ఉండటం మేలు. ప్రతి చావునూ రద్దు చేసుకుంటూ పోతే దయ్యానికి పని లేకుండా పోతుంది. చెన్నైలో స్విచ్ కొనడం చాలావరకు దిగుమతి దుకాణాల ద్వారానే కాబట్టి, కేవలం ఈ ఒక్క ఆట కోసం ఆ ఖర్చు పెట్టమని నేను ఎవరికీ చెప్పను. ఇంట్లో ఇప్పటికే ఉంటే ఆడకపోవడానికి కారణం లేదు.

పాత క్యాసెట్ కావాలనుకునే సేకరణకారులు పిన్నుల లెక్క చూసుకోవాలి. జపాన్ క్యాసెట్‌కు 60 పిన్నులు, యూరప్‌లో అమ్మిన క్యాసెట్‌కు 72. మన నకలు యంత్రాలు జపాన్ పద్ధతివి కాబట్టి యూరప్ క్యాసెట్ వాటిలో దిగదు. రిచీ స్ట్రీట్‌లో ఇప్పటికీ దొరికే బహుళ ఆటల క్యాసెట్లలో పేర్లు తరచుగా మార్చి ఉంటాయి, పైన అచ్చువేసిన సంఖ్యకు లోపలున్న ఆటలకు సంబంధం ఉండదు, ఒకే ఆట పది పేర్లతో కనిపిస్తుంది. డబ్బు ఇచ్చే ముందు అంగడివాడి టీవీకే తగిలించి, జాబితాలో ‘డెవిల్’ అన్న పేరు తెరిచి, తెర పైభాగాన నీలి దయ్యం చేయి చాపుతున్నదో లేదో, రెండవ రిమోట్‌తో ఎర్ర డ్రాగన్ కదులుతున్నదో లేదో చూసుకుని మరీ తీసుకోవాలి. రెండవ రిమోట్ పనిచేయని సెట్టును బేరం ఎంత బాగున్నా వదిలేయవచ్చు.